విశాలాక్షి టీచరుగారి స్పానిష్

మిరపకాయల సంచి మూతి విప్పగానే ముందు వచ్చేది వాసన కాదు, తుమ్ము. ముక్కు కొసన చిన్న మంట మొదలై, కళ్లల్లో నీళ్లు తిరిగి, ఎంత బిగపట్టినా ఆగకుండా వచ్చేస్తుంది. గుంటూరులో మిరపకాయలను విదేశాలకు పంపే ఒక కంపెనీలో, సరుకు తేమా రంగూ పరీక్షించే శాంపిల్ గదిలో నా ఉద్యోగం. రోజుకి ఎన్నిసార్లు తుమ్ముతానో నాకే తెలియదు. కానీ తుమ్మిన ప్రతిసారీ ఒక గొంతు చెవిలో పలుకుతుంది: "సలూద్!"

ఆ గొంతు విశాలాక్షి టీచరుగారిది. మా ఊరు చిలకలూరిపేటలో ఆవిడ హిందీ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను ఆవిడ దగ్గర చదువుకోలేదు. ఆవిణ్ణి నాకు చూపించింది శాఖా గ్రంథాలయం. నేను తెలుగు మీడియంలో డిగ్రీ చదివినదాన్ని. కాలేజీ నాకు పట్టా ఇచ్చింది, చదువు మాత్రం ఆ గ్రంథాలయం బీరువాలే ఇచ్చాయి. ఈ మాట చెప్పడానికి నాకు ఎప్పుడూ గర్వమే. రోజూ బస్సులో గుంటూరు వెళ్లి వచ్చేదాన్ని కాబట్టి, ఆదివారం పొద్దున్న తలుపు తీసే వేళకి అక్కడ ఉండేదాన్ని.

ఒక ఆదివారం మా చేలో కాయలు ఎత్తి నేరుగా గ్రంథాలయానికి వెళ్లాను. బట్టలకంటిన ఘాటుకి గట్టిగా తుమ్మాను. ఎదురు బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ పుస్తకంలోంచి తల ఎత్తకుండా "సలూద్" అన్నారు.

"ఏమన్నారండీ?"

"చిరంజీవ అన్నానమ్మాయ్. స్పానిష్‌లో."

ఆవిడ చేతిలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఉంది. ప్రయాణికుల కోసం రాసిన స్పానిష్ పాఠాలు. ఏ పుణ్యాత్ముడు ఇచ్చి వెళ్లాడో, ఎవరూ ఇంటికి తీసుకెళ్లిన గుర్తు లేదు. అందులో చదివి, ఎలా పలకాలో ఫోనులో విని నేర్చుకుంటున్నారు. పేపర్లు చదివే మగవాళ్లు అప్పటికే ఆవిణ్ణి ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఒకాయన "ఏం టీచరమ్మా, కౌన్సిలరు ఎన్నికల్లో స్పెయిన్ నుంచి నిలబడతారా ఏంది?" అన్నాడు.

"నిలబడితే గెలుస్తానులే. మీ ఓటు అక్కడ లేదుగా!"

నేనూ అడిగాను, మర్యాదగానే. ఈ వయసులో ఇది ఎందుకు పనికొస్తుందండీ అని. ఆవిడ పుస్తకం మూసి నావైపు చూశారు. "నా సర్వీసంతా పరీక్షకి పనికొచ్చే భాషే చెప్పానే. అందరూ పాసయ్యారు. బడి దాటాక నాతో హిందీలో ఒక్క మాట మాట్లాడిన పిల్ల లేదు. ఇప్పుడు ఎవరితోనైనా మాట్లాడటానికి ఒక భాష కావాలి నాకు. పనికి రాకపోతే రాకపోనీ."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. అంతకు ముందు సీజనులో స్పెయిన్ నుంచి మా కంపెనీకి ఒకావిడ సరుకు చూడటానికి వచ్చింది. పేరు పిలార్. నేను పరీక్షించిన కాయని చేతిలో పట్టుకుని, నవ్వుతూ, నావైపే చూసి ఏదో అడిగింది. నేను గుంజలా నిలబడ్డాను. మా మేనేజరుగారు మధ్యలోకి వచ్చి ఇంగ్లీషులో చెప్పారు, నేను వట్టి హెల్పర్నని. ఆ ఇంగ్లీషు మాత్రం నాకు బాగానే అర్థమైంది. మళ్లీ ఏడాది ఆవిడ వచ్చేసరికి నా శాంపిల్ గురించి నేనే జవాబు చెప్పాలి. అది టీచరుగారికి చెప్పాను. "అయితే కూర్చోకు, పద" అని చెప్పులేసుకున్నారు.

ఆవిడ చదువంతా వీధిలోనే. బస్టాండులో నిలబెట్టి, ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందని కండక్టరును ముందు స్పానిష్‌లో అడిగించారు. సిగ్గుతో నా గొంతు పీలగా వచ్చింది. "వినపడలా. మళ్లీ అడుగు" అన్నారు. మళ్లీ అడిగాను. కండక్టరు సంచీ సర్దుకుంటూ, "ఏందమ్మా ఇది? అద్దంకి బస్సుని ఏ భాషలో అడిగినా అద్దంకే పోద్ది" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. టీచరుగారు అందరికంటే గట్టిగా నవ్వి, "చూశావా, అర్థమైందతనికి!" అన్నారు. మార్టూరు వైపు రాళ్ల లారీలు తిరిగే కూడలిలో నిలబడి కుడి, ఎడమ, తిన్నగా నేర్చుకున్నాను. "దెరేచా" అంటే కుడి, "తోదో రెక్తో" అంటే తిన్నగా. మన బండి ఱ తిరిగే నాలుకకి ఇది పరాయి భాష కాదనేవారు టీచరుగారు.

పుస్తకంలోని వరసని మాత్రం ఆవిడ అస్సలు ఒప్పుకోలేదు. అందులో మొదటి పాఠం హోటల్లో గది అడగటం, రెండోది మ్యూజియానికి దారి. "మనింటికి మనిషొస్తే మ్యూజియం ఎక్కడని అడుగుతామా? భోంచేశారా అని అడుగుతాం. ముందు అది నేర్చుకో" అన్నారు. అలా నాకు నోటికి వచ్చిన మొదటి పూర్తి వాక్యం, "యా ఆ కొమీదో?" రెండోది, "మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్." అంటే, కాస్త మెల్లగా చెప్పండి. "ఇది తలెత్తుకుని అడగాలి. అర్థం కాకపోవడం తప్పు కాదు, అర్థమైనట్టు తలూపడం తప్పు."

పిలార్ మళ్లీ వస్తుందని తెలిశాక మేనేజరుగారితో చెప్పాను, నేను కొంచెం స్పానిష్ నేర్చుకున్నానని. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "లైబ్రరీలో కూర్చుంటే స్పానిష్ వస్తదా? మన పరువు తీయమాక. నోరు మూసుకుని శాంపిళ్లు అందించు, చాలు."

ఏడుపు గొంతుతోనే టీచరుగారికి ఫోను చేశాను. అంతా విని, "నోరు మూసుకోమని ఏ భాషలో అన్నాడు?" అని అడిగారు.

"తెలుగులోనండీ."

"అయితే తెలుగులో మూసుకో."

పిలార్ వచ్చిన రోజు పొద్దుటి నుంచి మేనేజరుగారు ఆవిణ్ణి గోడౌన్లన్నీ తిప్పారు. బేరం తేలాక పెద్ద హోటల్లో భోజనమని ఆయన లెక్క. శాంపిల్ గదికి వచ్చేసరికి మధ్యాహ్నం బాగా దాటింది. ఆవిడ ఒక కాయని తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, పెద్దగా తుమ్మింది.

"సలూద్" అన్నాను.

గదిలో అందరూ తిరిగి చూశారు. మేనేజరుగారు కళ్లురిమారు. అయినా బస్టాండులో రెండోసారి అడిగిన గొంతుతోనే అడిగాను: "యా ఆ కొమీదో, సెన్యోరా?"

ఆవిడ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "నో! తెంగో ఆంబ్రే!" అంది. ఆకలేస్తోందట. మన దగ్గర భోంచేశారా అంటే తినకపోయినా అయిందంటారు. ఆవిడకా మర్యాద తెలియదు, ఉన్నమాట చెప్పేసింది. అతిథిని పస్తుంచామని తెలిశాక ఇంక ఏ మేనేజరు ఏం మాట్లాడగలడు? నా క్యారేజీ విప్పాను. పప్పు, గోంగూర పచ్చడి, పెరుగన్నం. ఆవిడ సంచుల మీదే కూర్చుని, చెంచా అడక్కుండా తింది. తింటూనే కాయల గురించి అడగటం మొదలుపెట్టింది. గబగబా మాట్లాడితే, "మాస్ దెస్పాసియో" అన్నాను. మెల్లగా అడిగింది. నేల మీద ఎండబెట్టారా, పట్టాల మీదా? ఎన్నో కోత కాయ? నాకున్న కొన్ని మాటలతో, చేతులతో, తప్పులతో, నా శాంపిల్ గురించి నేనే చెప్పాను. ఆవిడ మేనేజరుగారి వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

ఎవరు నేర్పారని అడిగింది. జవాబుగా టీచరుగారికి ఫోను కలిపి ఆవిడ చేతికిచ్చాను. అటు నుంచి టీచరుగారి గొంతు, బడిలో అటెండెన్సు పిలిచినంత స్పష్టంగా, "యా ఆ కొమీదో?" అంది. పిలార్ పగలబడి నవ్వింది. ఇద్దరూ చాలాసేపు ఏవేవో మాట్లాడుకున్నారు. ఫోను నా చేతికి వచ్చాక టీచరుగారు రొప్పుతూ అన్నారు, "ఒసేయ్, ఆవిడ చెప్పిందాంట్లో సగం అర్థం కాలేదే. అబ్బ, ఎంత బావుందో!"

టీచరుగారు స్పెయిన్ చూడలేదు. పోయిన వానాకాలం కాలం చేశారు. పెద్దకర్మ నాడు ఆవిడ తమ్ముడుగారు విస్తళ్ల మధ్య నిలబడి, "మా అక్కయ్య ఆఖర్న పట్టుకున్న ఆ పిచ్చి ఎందుకూ పనికిరాలేదు పాపం" అన్నారు. నేను వడ్డన ఆపి, "పనికొచ్చిందండీ. మీరు వినలేదంతే" అన్నాను. గట్టిగానే అన్నాను. అందరికీ వినపడింది.

మేనేజరుగారు మారారని చెప్పను. పిలార్ వచ్చే ముందురోజు మాత్రం, "రేపు క్యారేజీలో ఏం తెస్తున్నావమ్మా?" అని అడుగుతారు. మా శాంపిల్ గదిలో ఇప్పుడు ఎవరు తుమ్మినా, సంచులు కుట్టే మరియమ్మ నుంచి మూటలు మోసేవాళ్ల దాకా అందరూ ఒక్క గొంతుతో "సలూద్" అంటారు. మొన్న మేనేజరుగారు తుమ్మారు. గది మొత్తం అంది. ఆయన తల ఊపి వెళ్లిపోబోతుంటే, "వినపడలేదండీ. జవాబు 'గ్రాసియాస్' అని చెప్పాలి" అన్నాను.

గుమ్మం దగ్గర ఆగారు. అటూ ఇటూ చూశారు.

"గ్రాసియాస్" అన్నారు, పీల గొంతుతో.

"మళ్లీ అనండి" అన్నాను.