కొత్త కారులో మిరప ఘాటు

మా నాన్న అంబాసిడర్‌ని చూస్తే నాకు ఒళ్లు మండేది. తలుపు పడాలంటే భుజంతో గుద్దాలి. చలికాలం పొద్దున నలుగురు తోస్తే గాని కదలదు. ఆయన మాత్రం పర్చూరు మొత్తానికి అదొక్కటే కారన్నట్టు తుడుచుకుని మురిసిపోయేవాడు. రెండువేల సంవత్సరం దాటాక నేను ఏసీ ఉన్న చిన్న కారు కొన్నాను. ఆ డొక్కు పక్కన దాన్ని నిలబెట్టాలంటేనే నాకు నామోషీ.

మిరపకాయలు లారీకి ఎత్తగా మిగిలిన ఒకటీ అరా టిక్కీలు, అంటే తొక్కి కుట్టిన బస్తాలు, అంబాసిడర్‌లోనే గుంటూరు మిర్చి యార్డుకి చేరేవి.

"ఏరా, నీ అగ్గిపెట్టెలో ఒక్క టిక్కీ అయినా పడుద్దా?" అన్నాడు నాన్న ఓ రోజు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వెనక సీటు మడిచి, రెండు టిక్కీలు కుక్కి, యార్డులో దించి వచ్చాను. కారు చీపురుతో ఊడ్చి సెంటు కొట్టాను. దాంతో శుభ్రమైపోయిందనుకున్న నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ సోమవారం అమ్మని గుంటూరులో డాక్టరుకి చూపించాలి. ఆమెది పాత ఆయాసం. నాన్న బండిలో అద్దాలు దించుకుని పోతానంది.

"ఆ దుమ్ములో ఎందుకమ్మా, చల్లగా పోదాం" అని పట్టుబట్టి నా కారెక్కించాను. నాన్న నా అగ్గిపెట్టెలో కూర్చోనని తన బండిలో వెనకే వచ్చాడు.

చిలకలూరిపేట రాకముందే ఎండెక్కింది. అద్దాలన్నీ బిగించి ఏసీ పూర్తిగా పెట్టాను. సీట్ల సందుల్లోని కారం దుమ్ము లేచి, బయటికి పోయే దారిలేక మా ఇద్దరి చుట్టూనే తిరిగింది. నాకు దగ్గు, కళ్లమంట. అమ్మకి దగ్గడానికి కూడా ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. భయంతో పత్తికట్టె పీకిన చేను పక్కన ఆపి తలుపులన్నీ తీశాను. వెనకే వచ్చిన నాన్న ఆమెని ఎత్తుకెళ్లి, అంబాసిడర్ వెనక సీట్లో పడుకోబెట్టి పోనిచ్చాడు.

ఆసుపత్రిలో ఊపిరి కాస్త కుదుటపడ్డాక నాన్న అడిగాడు, "ఏమైందే?"

"ఏం లేదండి. వాడి కారు బాగుంది. ఆ చల్లదనం నాకే పడలా."

ముప్పయ్యేళ్లు కళ్లంలో మిరపకాయలు ఏరిన మనిషికి ఆ ఘాటు తెలియకపోవడమా? నాన్న నా వైపు చూడలేదు. ఆయనకీ తెలుసు. నోరు తెరిచి చెప్పాల్సింది నేను. ఆ తర్వాత కొన్నేళ్లకి అమ్మ పోయేదాకా చెప్పలేదు.