బారాణ నొప్పి

2011 సెప్టెంబరు 12, సోమవారం, ఉదయం పదిన్నర గంటలు. వేకువన పట్టిన ముసురు ఇంకా తెరపి ఇవ్వలేదు. జగిత్యాలలో హెచ్.ఐ.వి. రోగులకు మందులిచ్చే ఒక కేంద్రంలో, కోరుట్ల పక్క పల్లెకు చెందిన పోశవ్వ, కొత్తగా కొలువులో చేరిన యువ సలహాదారుని ఎదుట కూర్చున్నది. ఆమెకు యాభై ఎనిమిదేండ్లు. బొంబాయి నుండి జబ్బు మోసుకొచ్చిన భర్త ఎర్రయ్య పోయి ఆరేండ్లు. ఊరికి ఆమె చెప్పుకొన్నవి మోకాళ్ల నొప్పులు మాత్రమే.

నాలుగేండ్లుగా మింగుతున్న గోలీ ఆమె ప్రాణం నిలిపింది గాని అరికాళ్లలో నిప్పులు పోసింది. ఇప్పుడా మంట చేతివేళ్లకూ ప్రాకుతున్నది. బీడీలు చుట్టి బ్రతికే మనిషికి వేళ్లు మొద్దుబారితే మిగిలేదేమున్నది? నొప్పి తీవ్రమని కాగితం మీద పడితే డాక్టరు గోలీ మారుస్తాడని తోటి రోగులు చెప్పగా, ఆ ఒక్క ఆశతోనే వచ్చింది.

"నొప్పి ఎంతుందమ్మా?"

"బారాణ ఉన్నది కొడుకా."

బారాణ అంటే పన్నెండణాలు, ఆమె లెక్కలో రూపాయికి ముప్పాతిక వంతు. ఇంకొక్క పాలు పెరిగితే మనిషి ఓర్వలేడు. కోస్తా నుండి వచ్చిన ఆ యువకునికి అది చెల్లని చిల్లర.

"ముప్పావలాయేనా? రూపాయి నిండాక ఏడుద్దువుగానిలే."

మాటకారి పిల్లవాడనుకొని పోశవ్వ కూడా నవ్వింది. అతడు ఆమె కార్డులో 'స్వల్పం' అని వ్రాశాడు. అది చూచి డాక్టరు పాత గోలీలే మరొక నెలకిచ్చాడు.

సిరిసిల్లకు మెట్టిన బిడ్డ లీల ఆనాడు తోడు వచ్చింది. తిరుగు బస్సులో కార్డు చదివి నెత్తి కొట్టుకొన్నది.

"జరంతనే నొప్పని రాసిండు గదనే అవ్వ."

"బారాణ అని చెప్పిన గదనే."

"నీ బారాణ ఆయనకేమెరుక? అచ్చే నెల నేనే లోపలికచ్చి చెప్త."

మరునాడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. వారం తిరిగేసరికి బస్సులు నిలిచినవి. అక్టోబరు 12న, గోలీలు అయిపోయిన నాడు, తల్లీబిడ్డలు ఆటో ఎక్కిరి. కోరుట్ల దాటకముందే సమ్మెవాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వాళ్ల వాడ మల్లేశమే అడ్డం నిలిచాడు.

"ఎటువోతున్నవే పోశక్క?"

దవాఖానకంటే దారి విడుస్తాడు. ఏ దవాఖాన, ఏం రోగమని కూడా అడుగుతాడు. లీల నోరు తెరువబోగా పోశవ్వ ఆమె తొడ గిల్లింది.

"కొండగట్టుకు. మొక్కున్నది."

"అంజన్న యాడికి వోడు. తెలంగాణ అచ్చినంక మొక్కుదువు, దిగు. మన మాటను ఎక్కిరిచ్చెటోళ్లతోనే గదా గీ కొట్లాట. జరంత తిని ఇంటికి పో."

విస్తరిలో ఉడుకుడుకు పప్పన్నం వడ్డించాడు. పోశవ్వ కలుపుకొన్నది. ఆ వేడి ఆమె వేళ్లకు తెలియలేదు.

గోలీలు లేక జ్వరం పట్టి ఆమె పదిహేను రోజులు మంచాన పడింది. నవంబరులో లీల మాట్లాడగా గోలీ మార్చినారు. నరాలు మాత్రం తిరిగి రాలేదు. 2012లో బీడీ పని మానింది. ఆ యువకుడు బదిలీపై వెళ్లిపోయాడు. మల్లేశం వార్డు మెంబరైనాడు. పోశవ్వ 2016 మార్చిలో సిరిసిల్లలో, లీల ఇంట చనిపోయింది. మోకాళ్ల నొప్పులతోనే పోయిందని ఊరు నమ్మింది.