పురిటివాగుకు కాపు కాసిన భద్రంగారు

మొన్న అక్టోబరులో ఒక శనివారం ఉదయం, వారాంతానికి కాలేజీ నుంచి ఇంటికొచ్చిన లత ఫోన్ చేసి, "అంకుల్, నాన్న పలకట్లేదు, వెంటనే రండి" అంది. నేను వెళ్ళేసరికి వీరభద్రరావుగారు వంటింటి కుర్చీలో కూర్చునే ఉన్నారు. ఒక కాలికి రబ్బరు బూటు, రెండోది చేతిలో. పాతికేళ్ళుగా వైద్యం చేస్తున్నవాణ్ణి, మృత్యువు ముఖం ఎరగనివాణ్ణి కాను. అయినా నాడి చూడ్డానికి పట్టుకున్న ఆ చేతిని చాలాసేపు వదల్లేకపోయాను. "ఇవాళ వాన జోరుగా ఉంది, వెళ్ళకండి అంటూనే ఉన్నానండీ" అన్నారు ఆయన భార్య సరోజినిగారు. తొమ్మిదేళ్ళుగా వానాకాలంలో ప్రతి శనివారమూ ఆ ఇంట్లో వినిపించిన మాటే అది.

సియాటిల్ ప్రాంతపు తెలుగువారికి భద్రంగారు సుపరిచితులు. విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరు, కోనసీమ వాస్తవ్యులు, సౌజన్యమూర్తి, ప్రకృతి పరిరక్షణాదీక్షాపరులు అని సంతాపసభలో వక్తలందరూ ఉగ్గడించారు. అన్నీ నిజమే. అయితే ఆ దీక్షకు మూలం ఒక చేపల దొంగతనమని ఎవరూ చెప్పలేదు. అందులో నేనూ భాగస్వామిని కనుక ఆ చరిత్ర చెప్పే అర్హత నాకుంది.

అది 1979. వాళ్ళింటికి రెండు మైళ్ళ దూరంలో ఒక వాగు ఉంది. సముద్రం నుంచి సామన్ చేపలు ఏటికెదురీదుకుంటూ ఆ వాగులోకి వస్తున్నాయని ఎవరో ఆయన చెవిన వేశారు. గోదావరి మనిషికి ఆ మాట చాలదూ? సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టని చేప, గోదావరి తీపినీళ్ళలో ఎదురీదాక పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. "ఏటికెదురొచ్చిన చేపకే రుచండీ డాక్టరుగారూ! ఈ అమెరికావాళ్ళు సముద్రంలోనే పట్టేసి తినేత్తన్నారు. అసలు సరుకు వాగులో ఉందండీ, ఆయ్!" అని నన్ను స్టేషన్ వాగన్‌లో ఎక్కించుకున్నారు. వల లేదు, ఉతికిన బట్టలు వేసుకునే ప్లాస్టిక్ బుట్ట ఉంది. మోకాలిలోతు నీళ్ళలో ఆయన, ఒడ్డున కాపలాకు నేను. ముప్పావుగంట వీరోచిత సమరం తర్వాత ఎర్రబడ్డ చేప ఒకటి బుట్టలో పడింది.

వాంకూవర్ దాకా వెళ్ళి తెచ్చుకున్న చింతపండు, బెండకాయలు వేసి, పులసకు చేసే మర్యాదలన్నీ చేసి, సరోజినిగారు పులుసు పెట్టి మర్నాటిదాకా ఊరనిచ్చారు. మూడు కుటుంబాలం పళ్ళేల ముందు కూర్చున్నాం. ముక్క నోట్లో పెట్టుకున్నాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి సరోజినిగారే తెగించి, "ఇది చేపా, నానిన అట్టముక్కా?" అన్నారు. బెండకాయలు మాత్రం దివ్యంగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు తలుపు చప్పుడైంది. వాగు ఒడ్డున ఉండే మార్గరెట్ అనే ముసలావిడ. ముందురోజు మా ఘనకార్యం కిటికీలోంచి చూసి, ఆ నీలం స్టేషన్ వాగన్ కోసం వీధివీధీ వెతికి పట్టుకుంది. నేను పెరటి తలుపు ఎటుందా అని చూశాను. ఆవిడ తిట్టలేదు. రిటైరైన టీచరు కాబట్టి పాఠం చెప్పింది. సముద్రం వదిలాక ఈ చేప మేత ముట్టదు. ఒంట్లో సత్తువంతా ప్రయాణానికీ గుడ్లకీ ధారపోసి, తాను పుట్టిన వాగులోనే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. కండలో ఇక రుచెక్కడిది? "మీరు పట్టింది ఆడచేప. ఇంకా గుడ్లు పెట్టలేదు" అంది.

భద్రంగారి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని పులుసెట్టేశానండీ!" అన్నారు నాతో. మార్గరెట్‌కు తెలుగు రాదు గానీ ఆ మొహం చూస్తే చాలు. కుర్చీ లాక్కుని కూర్చుని బెండకాయలు వడ్డించుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో చేప ఉడకలేదు. అతిథులకు చేప లేని చేపల పులుసే వడ్డించేవారు. "పులస కూడా పురిటికే కదండీ వచ్చేది!" అని, ఇండియా వెళ్ళినప్పుడు అత్తగారు నానా తంటాలు పడి తెప్పించిన పులసను ముట్టలేదు. ఆవిడ ఆరునెలలు అల్లుడి పేరెత్తలేదు.

ఏటా వాగులోకి ఎన్ని చేపలొచ్చాయో మార్గరెట్ లెక్క రాసేది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మానేశాక ఆ నోటుబుక్కు భద్రంగారి చేతికొచ్చింది. చూడ్డానికి వచ్చిన మనవాళ్ళు గద్గదస్వరంతో "మనం కూడా ఈ చేపల్లాగే..." అని మొదలుపెడితే మండిపడేవారు. "తమరు రిటర్న్ టికెట్టు కొనుక్కుని ఎల్తారండీ. దీనికి రిటర్న్ లేదు. మెల్లిగా మాట్టాడండి, ఇది పురిటిగది!"

ఒకసారి ఆయనకు జ్వరమొస్తే లెక్క నాకు అప్పగించారు. నేను కార్లో హీటరు వేసుకుని, కాఫీ తాగుతూ, అద్దంలోంచి కనిపించినంత చూసి, గంటకో అంకె చొప్పున ఇరవై, ముప్పై, ఇరవై అని రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "చేపలు పదేసి చొప్పున కట్టలు కట్టుకొత్తన్నాయాండీ?" అన్నారు. ఆ పేజీ చింపేసి, "కనబడిందే రాయాలండీ. ఉండుంటదనుకున్నది రాయకూడదు" అన్నారు. తర్వాత మరి నన్ను అడగలేదు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నానని ఒప్పుకోవడానికి ఈ రోజు సిగ్గుగా ఉంది.

ఆ నోటుబుక్కు విలువ నాలుగేళ్ళ క్రితం తెలిసింది. పైన ఇళ్ళు కట్టబోయే ఆసామి ఒకడు వాగును గొట్టంలోకి మళ్ళించి పూడ్చేస్తానన్నాడు. అది ఉత్త మురిక్కాలువ, అందులో చేపలే లేవన్నాడు. కౌంటీ సభలో భద్రంగారు వానకు తడిసి ఉబ్బిన నోటుబుక్కులతో లేచి, "సార్, ఇది మురిక్కాలువ కాదు, మెటర్నిటీ వార్డు" అన్నారు ఇంగ్లీషులో. సభంతా నవ్వింది. నవ్వినవాళ్ళే పుస్తకాలు తెప్పించుకుని పేజీ పేజీ చదివారు. చేపలు వస్తున్నట్టు ఏటా లెక్క చూపించినంతకాలం వాగు జోలికి ఎవరూ రాకూడదని తీర్మానించారు. లెక్క ఆగిందా, గొట్టం వస్తుంది.

పదోరోజు కర్మ ఆ వాగు ఒడ్డునే జరిగింది. సెలవురోజుల్లో పౌరోహిత్యం చేసే ఒక ఇంజనీరుగారు మంత్రాలు చెప్పారు. లత పిండం పెట్టింది. కాకులకు కొదవ లేదు, చెట్టుకు ఇరవై ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. వాగు పొడవునా చచ్చిన చేపలతో సంతర్పణ జరుగుతుంటే అన్నం ముద్ద ఎవరికి కావాలి? కానీ కాకి ముట్టకపోతే పోయినవారికి తీరని కోరికేదో ఉందంటారు కదా. "నేను ధైర్యంగానే ఉంటానండీ, బెంగపెట్టుకోకండి" అన్నారు సరోజినిగారు. కాకి రాలేదు. "నాన్నా, నేను డిగ్రీ ఫినిష్ చేస్తాను, ప్రామిస్" అంది లత. రాలేదు. కర్ర ఊతంగా నిలబడ్డ మార్గరెట్, ఏమిటిదంతా అని అడిగితే పురోహితుడు వివరించాడు. ఆవిడ నా వైపు తిరిగి, "మరి మీరు దేనికోసం ఆగారు డాక్టర్?" అంది. అందరూ నన్నే చూస్తున్నారు.

"భద్రంగారూ, వాగు లెక్క నేను చూస్తాను" అన్నాను.

కాకి కదల్లేదు.

"ప్రతి శనివారమూ" అన్నాను. ఒకటి తల తిప్పి చూసింది.

"కారు దిగి" అన్నాను.

అప్పుడు వచ్చి ముట్టింది. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి, దానికి ఆకలేసిందనే అంటాను. కానీ ఆ క్షణాన నాకు దుఃఖం ఆగలేదు. అంతటి ఓర్పు, అంతటి మొండితనం ఉన్న మనిషి మళ్ళీ మనకు దొరకడు. దొరికి ఉంటే ఈ పని నా నెత్తిన పడేదే కాదు.

మహానుభావా, నిన్న శనివారం. మూడు గంటలు వానలో నిలబడ్డాను. నలభై ఒకటి కనబడ్డాయి. బండరాయి వెనక ఇంకొకటి ఉన్నట్టే అనిపించింది. రాయలేదు.