చాయ్ మానిన పదిహేను మంది

మా స్వరూప వదిన పెట్టే చాయ్ చాలా బాగుంటుందట. "అట" అని ఎందుకంటున్నానంటే, నేను ఇంతవరకు తాగలేదు. మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ఇంటికి ఎవరు వెళ్లినా చాయ్ వస్తుంది. కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడికి వస్తుంది. ఇల్లు తప్పి తలుపు కొట్టినవాడిని కూడా కూర్చోబెట్టి ఇస్తారు. నాకు మాత్రం స్టీలు గ్లాసులో మంచినీళ్లు. అల్లం వాసన మాత్రం అందరితో సమానంగా నాకూ అందుతుంది, దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు గనుక. ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి.

ఇది చిన్న ఫిర్యాదే, ఒప్పుకుంటాను. కానీ దీని వెనక ఊరు ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకోని ఒక వారం ఉంది. చివరి గుటక దగ్గర ఆగిపోబోయిన ఒక పెళ్లి ఉంది. ఈ రెండింటికీ కారకుడు ఒక్కడే. అతని చేతిరాతనే మీరిప్పుడు చదువుతున్నారు.

నేను నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు సైకాలజీ తీసుకున్నాను. ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఇట్టే చెప్పేయవచ్చని నా ఉద్దేశం. ముఖ్యంగా మూడో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మనసులో నా గురించి ఏముందో తెలుసుకోవాలని. (తర్వాత తెలిసింది. ఏమీ లేదు.) అయితే సైకాలజీలో స్టాటిస్టిక్స్ అని ఒక పేపరు ఉంటుందని, లెక్కలకు భయపడి ఇటు పారిపోయి వచ్చినవాళ్లను అది గుమ్మంలోనే పట్టుకుంటుందని ఎవరూ ముందుగా చెప్పలేదు.

మొదటి రోజే వసుంధర మేడం బోర్డు మీద ఒక గుట్ట గీశారు. దేవరకొండ ఖిల్లా అనుకొని నేను నోట్సులో వేసుకొని, పైన ఒక జెండా కూడా పెట్టాను. అది నార్మల్ కర్వ్ అట. లోకంలోని మనుషులంతా ఆ గుట్ట కిందే ఉంటారట, ఎక్కువమంది నడుమ, కొద్దిమంది చివర్లలో. నేనెక్కడ ఉన్నానో పరీక్షలయ్యాక తేలింది. ఎడమవైపు, గుట్ట దిగిపోయి, ఇక నడవడానికి దారి లేనిచోట.

ఒకసారి తప్పాను. సప్లిమెంటరీలో మళ్లీ తప్పాను. అప్పుడు మా బాపు తోటలో బత్తాయి చెట్టుకు నీళ్లు పారిస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"యాద్గిరీ, ఇంకోపాలి తప్పితే సదువు సాలు బిడ్డా. తోటకు రా. చెట్లు పరీక్షలు పెట్టయి."

కోప్పడినా బాగుండేది. అంత నెమ్మదిగా చెప్పేసరికి నిజంగానే భయపడి, మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నా మార్కుల మెమోలు రెండూ పక్కపక్కన పెట్టి, పెరుగుదల ఏమైనా ఉందేమోనని చూశారు. లేదు.

"ప్రాజెక్టుకు మార్కులుంటాయి. అవి తెచ్చుకుంటే గట్టెక్కుతావ్. మనుషుల మీద ఒక చిన్న ప్రయోగం చెయ్. రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో పదిహేను మంది. పద్నాలుగైతే నా ముందుకు రాకు."

"రాను మేడం."

"పదిహేనుతో రా."

నేను ఎంచుకున్న విషయం: చాయ్ మానేస్తే చిరాకు పెరుగుతుందా? పదిహేను మంది వారం రోజులు చాయ్ ముట్టరు, పదిహేను మంది ఎప్పటిలా తాగుతారు. రోజూ సాయంత్రం ఆరింటికి అందరి చిరాకూ ఒకటి నుంచి ఐదు దాకా రాసుకోవాలి. ఐదంటే చేతికి దొరికింది విసిరేసేంత. ఊరికి పోయి మా అవ్వకు చెప్పాను.

"అవ్వా, ముప్పై మంది గావాలె."

"ఎవలిది పెండ్లి?"

"పెండ్లి గాదే, ప్రయోగం. సగం మంది ఏడు దినాలు చాయ్ తాగొద్దు."

"తాగకుంటె ఏమైతది?"

"నేను పాసైత."

అవ్వ మొహం వెలిగింది. "గట్ల చెప్పు మరి. మొక్కన్నట్టు!"

"మొక్కు గాదు, సైన్సు."

"ఏదైతేంది కొడుకా. నువ్వైతే పాసైతవ్ గదా."

సర్వే అని తిరిగి ఉంటే నాకు ముగ్గురు దొరికేవాళ్లు, వాళ్లూ రేషన్ కార్డు పట్టుకొని వచ్చేవాళ్లు. మొక్కు అనేసరికి ఒక్క పూటలో ముప్పై మంది తయారయ్యారు. అవ్వ ఒక చెంబులో చీటీలు వేసి, కొంగు కింద పెట్టుకొని, ఇంటింటికీ తిరిగి తీయించింది. ఒకరికి ఏ చీటీ వచ్చిందో ఇంకొకరికి తెలియదు. తాగమన్న చీటీ వచ్చినవాళ్లు, రోజూ ఒక అంకె చెప్పడమే మొక్కనుకున్నారు, మానేవాళ్లు ఉన్నారనే వాళ్లకు తెలియదు. ఇంత పక్కా యాదృచ్ఛిక పద్ధతి మా యూనివర్సిటీలో కూడా జరిగి ఉండదు.

చివరి చీటీ మా లింగయ్య పెద్దబాపు తీశాడు. ఆయన నిద్ర లేవడం, చాయ్ తాగడం రెండు వేరు వేరు పనులని నాకు చాలాకాలం తెలియదు. అంతటి మనిషికి "వద్దు" అన్న చీటీ వచ్చింది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"పోరడు పాసైతడంటే ఏడు దినాలు ఒక లెక్కనా? మాటిస్తున్న. ముట్ట."

ఆయన పదిహేనోవాడు. ఆ జేబును నేను భక్తితో చూశాను.

ఇక్కడ నేనొక తెలివైన పని చేశాను. ప్రయోగంలో ఉన్నవాళ్లు దాని గురించి బయట మాట్లాడకూడదని పుస్తకంలో ఉంది. కనుక "ఎందుకు మానిండ్రో ఎవలకు చెప్పొద్దు" అని మానినవాళ్లందరికీ చెప్పాను. అవ్వ దానికి తన భాష్యం జోడించింది. "మొక్కు బయటవెడితె ఫలం వోతది. పోరడు ఫెయిలైతడు." ఇక ఆ ఊళ్లో నోళ్లకు తాళం పడింది.

ఇప్పుడు మీకొక విషయం చెప్పాలి. మా వైపు ఒకరింటికి పోయి చాయ్ వద్దంటే, దానర్థం చాయ్ వద్దని కాదు. ఆ ఇంటితో తెగతెంపులని. ఇష్టం లేకపోతే రెండు గుటకలు తాగి గ్లాసు పక్కన పెట్టాలి తప్ప, ముట్టనని అనకూడదు. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. కాకపోతే పుస్తకంలో లేదు కనుక నేను లెక్కలోకి తీసుకోలేదు.

రెండో రోజే మొదలైంది. మా పక్కింటి బాలమణి పెద్దమ్మ ఎదురింటి ఎల్లమ్మ ఇంటికి ఏదో పనిమీద పోయి, చాయ్ వద్దన్నది. మా అరుగు మీదికి అంతా వినిపించింది.

"ఎందుకే, మా చాయ్‌ల మన్ను కలుపుతమా?"

"అట్లేం లేదక్కా."

"మరి నిన్న నా కోడలు మీ ఇంట్ల తాగలేదా? మేం తాగొచ్చుగని మీరు తాగరా?"

"చెప్పరాదక్కా."

"ఏం చెప్పరాదు? మా మీద ఎవలేం జెప్పిండ్రో ఇప్పుడే చెప్పు!"

నాలుగో రోజుకు ఊళ్లో సగం వాకిళ్లు మిగతా సగం వాకిళ్ల వైపు చూడడం మానేశాయి. సాయంత్రం ఫారాలు పట్టుకొని నేను తిరుగుతుంటే అంతటా ఒకటే సమాధానం, ఐదు. చాయ్ మానినవాళ్లకు చాయ్ లేక ఐదు. తాగుతున్నవాళ్లకు తమ చాయ్ కాదన్నారని ఐదు. ఎల్లమ్మ అయితే నా చేతిలోంచి పెన్ను గుంజుకొని, తనే గుండ్రంగా ఐదు వేసి, కింద రెండు గీతలు కూడా గీసింది. అది చూసి ఏ మనిషైనా ఆగిపోవాలి. నేను మాత్రం డేటా మంచిగా వస్తోందని సంబరపడ్డాను.

ఏడో రోజు, అంటే ఆఖరి రోజు, మా శ్రీశైలం అన్నకు సంబంధం ఖాయం చేసుకోవడానికి పక్క మండలంలోని ఊరికి పోవాలి. అన్న పెద్దబాపు కొడుకు. అప్పటికి పదకొండు సంబంధాలు తప్పిపోయాయి. పన్నెండోది అన్ని విధాలా కుదిరింది, పెద్దమనుషులు కూర్చొని చాయ్ తాగి లేవడమే మిగిలింది. సాయంత్రం ఆరింటికి పెద్దబాపు చిరాకు రాసుకోవాలి కనుక, మిగతావాళ్ల ఫారాలు అవ్వకు అప్పగించి నేనూ ఆటో ఎక్కాను.

పెళ్లికూతురు స్వరూపే చాయ్ తెచ్చింది. నా చేతికీ ఒక గ్లాసు వచ్చింది. అందరి కళ్లూ పెద్దబాపు మీద ఉన్నాయి. ఆయన కళ్లు గ్లాసు మీద ఉన్నాయి, ఆరు రోజులు మేత లేని ఎద్దు పచ్చిగడ్డి మోపును చూసినట్టు. కానీ చెయ్యి జేబు మీద ఉంది. చీటీ ఉన్న జేబు.

"తీస్కోండ్రి బావా, సల్లగైతది" అన్నాడు పిల్ల తండ్రి సత్తయ్య.

"వద్దు బావా."

"షుగరున్నదా? చక్కెర లేకుంట తెప్పిస్త."

"లేదు బావా."

"గ్యాసా?"

"లేదు."

"పాలు పడయా? నల్ల చాయ్ పెట్టిపిస్త."

"పడుతయ్ బావా."

"మరేంది?"

పెద్దబాపు జేబును ఇంకా గట్టిగా అదుముకున్నాడు. "చెప్పరాదు బావా."

మూలన కూర్చున్న పిల్ల మేనత్త గోడకేసి అన్నది. "చెప్పుడెందుకు, సమజైతనే ఉన్నది. పిల్ల నచ్చలే."

శ్రీశైలం అన్న మొహంలో పదకొండు పాత సంబంధాలూ వరుసగా కనిపించాయి. "బాపూ, తాగరాదే!"

"మాటిచ్చిన కొడుకా."

"ఎవలకిచ్చినవే?"

పెద్దబాపు కళ్లు మెల్లగా నా వైపు తిరిగాయి. వాటి వెనకే ఇంట్లో ఉన్న మిగతా కళ్లన్నీ తిరిగాయి.

నేను "తాగు పెద్దబాపూ" అంటే అయిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ దాని పక్కనే పద్నాలుగు అనే అంకె వచ్చి నిలబడింది. దాని వెనక బత్తాయి తోట. ఇంకొక్క రాత్రి గడిస్తే ఏడు రోజులు నిండుతాయి.

"పెద్దబాపు తాగొద్దు" అన్నాను లేచి నిలబడి. "తాగితే నేను ఫెయిలైత."

ఆ తర్వాత నేను మాట్లాడినంత శ్రద్ధగా ఏ పరీక్షలోనూ రాయలేదు. అవ్వ మొక్కు, పదిహేను మంది లెక్క చెప్పి, జాతకాలు రాసిన కాగితం వెనక గుట్ట గీసి, సగటు ఎక్కడుంటుందో, చెదిరినవాళ్లు ఎక్కడుంటారో చూపించాను. మేనత్త ఆ కాగితాన్ని తలకిందులుగా కూడా చూసింది. సరిగ్గా అప్పుడే నా ఫోన్లో ఆరు గంటల అలారం మోగింది. అలవాటు చొప్పున ఫారం తీశాను.

"పెద్దబాపూ, ఇయ్యాల చిరాకెంత?"

"ఐదు."

"ఆరుంటె ఆరెయ్యిరా" అన్నాడు శ్రీశైలం అన్న, పళ్ల సందుల్లోంచి. "నాది గూడ రాస్కో."

లోపలి గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. స్వరూప. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగడం లేదు.

"గీ మొక్కు ఎప్పటిదాంక?" అని అడిగింది.

"రేపు పొద్దుగాల దాంక" అన్నాను.

ఆమె వాళ్ల నాయిన వైపు తిరిగింది. "నాయినా, ఎవని పరీక్షకో చాయ్ ఇడిసి, మాట కోసం గింతమందిల కూసున్న మనిషి, కోడల్ని ఆగం జేస్తడా? రేపు పొద్దుగాల నువ్వే ఫ్లాస్కుల పోస్కపొయ్యి తాపిచ్చి రా."

సత్తయ్య పెద్దబాపును చూశాడు, పెద్దబాపు గ్లాసును చూశాడు. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కూడా తేలికపడి, అప్పటిదాకా చేతిలో పట్టుకున్న చాయ్ పెదవుల దగ్గరికి తెచ్చుకున్నాను.

స్వరూప నేరుగా నా ముందుకు వచ్చి, గ్లాసు చేతిలోంచి తీసి, పళ్లెంలో పెట్టేసుకుంది.

"ఈయన గూడ తాగొద్దు. లెక్క తప్పుతది."

తెల్లారి సత్తయ్య ఫ్లాస్కుతో దిగాడు. పెద్దబాపు నాలుగు గ్లాసులు తాగి, ఐదోదానికి కళ్లు తెరిచాడు. అవ్వ ఇంటింటికీ పోయి మొక్కు సంగతి చెప్పింది. బాలమణి పెద్దమ్మ ఎల్లమ్మ ఇంట్లో వరుసగా రెండు చాయ్‌లు తాగితే కానీ ఎల్లమ్మ కేసు కొట్టేయలేదు. నేను పదిహేనూ పదిహేనూ ముప్పై ఫారాలు మోసుకొని వసుంధర మేడం ముందు నిలబడ్డాను.

"రెండు గ్రూపులకూ తేడా లేదు మేడం. తాగినా తాగకున్నా చిరాకు ఒకటే."

"తాగినవాళ్లకు చిరాకెందుకు?"

"తాగనివాళ్లను చూసి మేడం."

"రెండు గ్రూపులూ కలిసే ఉన్నాయా?"

"ఒకటే ఊరు మేడం."

మేడం కళ్లద్దాలు తీసి, చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. భుజాలు కొద్దిగా కదిలినట్టు అనిపించింది. తర్వాత పెన్ను తీశారు. "ప్రయోగం మొత్తం తప్పు. లెక్క మాత్రం కరెక్టు. లెక్కకు పాస్ చేస్తున్నా." పాస్ మార్కు కన్నా ఒకటి ఎక్కువే వేశారు. ఆ ఒకటి దేనికో ఇప్పటికీ తెలియదు. పెద్దబాపుకని అనుకుంటాను.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో పిల్లలకు ఇదే పేపరు చెప్తున్నాను. నవ్వకండి. గుట్ట గీసిన ప్రతిసారీ పైన జెండా పెట్టకుండా చెయ్యి ఆపుకుంటాను.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు ఇక లాభం లేదనుకొని, వదిన వంటింటి గుమ్మంలో నిలబడి, కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. పెద్దబాపు సాక్షి. "ఇకమీదట మనుషుల మీద ప్రయోగం చెయ్యను. చెంబులో చీటీలు వెయ్యను. ఎవరి చిరాకునూ అంకెల్లో అడగను. ఒకరింటి చాయ్‌కి, ఇంకొకరి నోటికి మధ్య నిలబడను. నా ఫారాల మీద ఒట్టు."

పొయ్యి మీద చాయ్ పొంగుతోంది. పొంగనిచ్చి, దించి, వదిన అందరికీ వడపోసింది. పెద్దబాపుకు రెండు గ్లాసులు.

"వదినా, ఎనిమిదేండ్లాయె. నా మీద నీ ప్రయోగం ఎప్పుడైపోతది?"

నా చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టి, వదిన అన్నది:

"ఒక్కనితోని ఏం తెలుస్తది మర్దీ? ఇంక పద్నాలుగు మంది దొరకాలె."