సాంచా కింది ఇటుక

మా అత్తకు చెవులు సాంచాల మోతలోనే పోయాయి. భివండిలో మేం మరమగ్గాన్ని సాంచా అంటాం. వయసంతా దాని పక్కనే నిలబడితే చెవుల్లో ఏం మిగులుతుంది? టీవీ పెడితే "మూతులు కదుపుడే గని ముచ్చట లేదు" అని మొహం తిప్పుకునేది. అందుకే మా ఆయన ఒక గాజుతొట్టి, కొన్ని చేపలు తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టాడు. చేపలు ఎటూ మాట్లాడవు కదా! అత్త వాటికి అతుక్కుపోయింది.

ముఖ్యంగా ఒక నల్లచేపకు. కనుగుడ్లు బయటికొచ్చిన మందకొడిది. ఎర్రచేపలు దాన్ని ఊరికే తరిమి తోక కొరికేవి.

"ఓ పిల్లా, దానికి దాక్కునేటందుకు జాగ లేదు, సస్తది. అది సచ్చిందంటే గీ డబ్బా నాకొద్దు, తీస్కపోండ్రి" అంది అత్త.

అప్పుడే కనేరి పేటలోని మా ఇంటికి రిపేరు నడుస్తోంది. గుమ్మం ముందు సామానుకు కొదవా! పాలరాయి ముక్కలు, వంటగట్టుకు వేయగా మిగిలిన కడప రాయి, సిమెంటు దిమ్మ, ప్లాస్టిక్ పైపులు. చేపకు మేడే కట్టేద్దామనుకున్నాను. చేపల దుకాణాయన ఒప్పుకోలేదు.

"నయా సిమెంట్ మత్ డాలో భాభీ, చూనా ఛూటేగా."

కొత్త సిమెంటు వేయొద్దట, దాని సున్నం నీళ్లలోకి దిగితే చేపలకు చేటట. ఏ రాయిలో సున్నం ఉందో తెలియాలంటే నిమ్మరసం పిండమన్నాడు, బుడగలొస్తే వద్దన్నాడు.

ఇంక నన్ను పట్టేవాళ్లెవరు? దొరికినదాని మీదల్లా నిమ్మకాయ పిండాను. పాలరాయి బుస్సుమంది. ఏ పాపం ఎరుగనట్టుండే కడప రాయి కూడా గీకినచోట సన్నగా నురగ కట్టింది. ఓరి దీని! రోజూ ఆ గట్టు మీదే కదా నేను రొట్టెలు ఒత్తేది!

"పప్పులకు నిమ్మకాయ లేదు గని, రాళ్లకు పులుపు పోస్తానవా?" అన్నాడు మా ఆయన.

ఆయనే వెళ్లి అటక మీది ఇటుక తెచ్చాడు. మా మొదటి సాంచా అమ్మేసినప్పుడు దాని కాలికింద నుంచి తీసి దాచిన ఇటుక. దసరాకు దానికి పసుపు కుంకుమ పెడతాం.

"లక్ష్మి ఇటుక. దీనికంటే మంచిదేముంటది?"

పసుపు పోయేదాకా కడిగి నిమ్మరసం పోశాను. ఒక్క బుడగ రాలేదు. గాజుకు వాలుగా నిలబెట్టగానే నల్లచేప దాని చాటుకు దూరింది. అత్త చప్పట్లు కొట్టింది.

మర్నాడు పొద్దున్నే అత్త కేక. "నూనె వాసనస్తాంది! పిల్లా, నూనె!"

పరుగెత్తాను. నీళ్లమీద రంగురంగుల పొర. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, నల్లది పక్కకు ఒరిగిపోయింది. సాంచా ఏళ్ల తరబడి కార్చిన నూనెనంతా ఆ ఇటుక తాగి కూర్చుంది. నిమ్మకాయ సున్నాన్ని పట్టిస్తుంది గానీ నూనెనేం పట్టిస్తుంది? చేపల్ని నిలవనీళ్ల బకెట్లోకి మార్చి, తొట్టి తోమి, కొత్త పైపు ముక్క అంచులు నున్నగా రుద్ది, కడిగి అందులో వేసి చేపల్ని మళ్లీ వదిలాను. సాయంత్రానికి నల్లది ఆ పైపులో దూరి మూతి మాత్రం బయటపెట్టింది. అత్త నవ్వాకే నాకు ఊపిరొచ్చింది.

మా ఆయన మొహం మాడ్చుకుని ఇటుకను మళ్లీ అటకెక్కించబోయాడు. అత్త చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా."

తడి ఇటుకను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"చప్పుడు ఇనవడక ఎన్నేండ్లాయెనో. వాసనైతే ఇంకా అస్తాంది. మన సాంచాదే."