మూసిన వాల్వులో పారిన నీళ్ళు

మా ఊరి నీళ్ళు మాట్లాడేవి. మా మరదలి మాట తప్ప ఇంకెవరి మాటా వినేవి కావు. ఆమె రమ్మంటే వచ్చేవి, ఆగమంటే ఆగేవి.

తప్పు ఒప్పుకుంటే శిక్ష సగమవుతుందని కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవారు. కనుక సగం ఒప్పుకుంటాను. అన్ని నీళ్ళూ మాట్లాడేవి కావు. శుద్ధి చేసి ఊరికి పంపే నీళ్ళు మాత్రమే, అదీ ఒక్క పైపులోనే. ఆ పైపు మధ్యలో ఒక మీటరు ఉంది. లోపల రబ్బరు పొర, చుట్టూ తీగచుట్టల అయస్కాంతం. అందులోంచి నీళ్ళు పరుగెత్తితే చీమ తుమ్మినంత కరెంటు పుడుతుంది. ఆ తుమ్మును కేబులు కంట్రోల్ రూముకు మోసుకెళ్తే, ఎన్ని నీళ్ళు పోతున్నాయో తెరమీద అంకె పడుతుంది. ఈ ముక్కలో మాత్రం అబద్ధం లేదు.

మా మరదలు, అంటే నా భార్య చెల్లెలు, ఆ నీళ్ళ శుద్ధి కేంద్రంలో మీటర్ల మెకానిక్కు. చక్రం తిరిగే పాత మీటరు పీకించి దీన్ని పెట్టించింది తనే. అందుకోసం ఇంజనీరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన విసిగిపోయి, "సరేనమ్మా, పరీక్షలో నెగ్గితే ఉంచుదాం. లేదంటే పాతదే బిగించి, నిన్ను మళ్ళీ కుళాయిల రిపేరుకు పంపిస్తా" అన్నాడు. వాషర్లు మార్చి మార్చి వేళ్ళు చిట్లిన ఆ పనికి మళ్ళీ వెళ్ళడం కన్నా నీళ్ళు మానేయడం మేలనుకుంది మా మరదలు.

పరీక్షనాడు పైపుల గది అద్దంలా మెరిసిపోయింది. ఆమెకు శుభ్రం పిచ్చి. ముందురోజే బోల్టులు విప్పి మరీ, పైపు అంచులకు నీలం పెయింటు వేసింది.

ఇంజనీరు వాల్వు మూయించాడు. తెరమీద సున్నా రావాలి. అంకెలు కప్పల్లా గెంతాయి.

పంపు నడిపే ముసలాయన అందరికీ బాబాయే. పాత మీటరు పక్షం. కంట్రోల్ రూము కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమ్మాయ్, వాల్వు మూసినా నీళ్ళు పారుతున్నాయే! నీ అయస్కాంతం గోడలోంచి తోడుతోందా ఏం?"

"నీ పంపు దడకు బెదిరింది బాబాయ్. కాసేపు పంపూ, నోరూ రెండూ ఆపు."

"పంపు ఎప్పుడో ఆపాను తల్లీ. నోరు నా వల్ల కాదు."

"కుళాయిల సెక్షన్లో స్టూలు ఖాళీగానే ఉందమ్మా," అన్నాడు ఇంజనీరు, గడియారం చూసుకుంటూ.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు బిగించబోయింది. స్పానరు ఒక కొన మీటరుకు, రెండో కొన పైపు మీద పెయింటు గీరుకుపోయిన చోటుకు తగిలింది.

"సున్నా!" అని అరిచాడు బాబాయి.

స్పానరు తీసింది. "మళ్ళీ గెంతుతోంది!"

మీటరునూ పైపునూ కలుపుతూ ఒక రాగి పట్టీ ఉంటుంది. ఏది నీళ్ళ మాటో, ఏది దారినపోయే కరెంటు గోలో మీటరుకు తెలిసేది దానివల్లే. ఆమె ఆ పట్టీ కిందకు తొంగి చూసింది. పట్టీకీ ఇనుముకూ మధ్య తళతళలాడుతూ తన నీలం పెయింటే! దాన్ని దాటి కరెంటు ఎలా పోతుంది?

"గరుకు కాగితం ఇవ్వండి," అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా.

"ఎందుకు?"

"పైపుకు దురదగా ఉందట సార్."

ఇనుము బయటపడేదాకా గీకి, పట్టీ మళ్ళీ బిగించింది. సున్నా వచ్చి బుద్ధిగా కూర్చుంది. వాల్వు తెరిచారు. అంకె నిబ్బరంగా పైకెక్కింది. ట్యాంకులో ఎన్ని నీళ్ళు తగ్గాయో కొలిస్తే, తెర చెప్పిన లెక్కకు సరిగ్గా సరిపోయింది. ఇంజనీరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. బాబాయి ఈల వేశాడు. పాత మీటరు మీద ఇప్పుడాయన కూర్చుని టీ తాగుతాడు.

ఇదంతా మా మరదలికి చదివి వినిపించాను.

"ఒక్క ముక్క నిజం లేదు బావా," అంది. "నేనసలు పెయింటు డబ్బా ముట్టుకోనే లేదు."