మూడో నంబరు ఇవ్వనన్న ఆదివారం

దేశానికి స్వాతంత్ర్యం కొత్త, నాకు ఉద్యోగం కొత్త. రెండిటినీ ఎలా వాడుకోవాలో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియని రోజులవి. మద్రాసులో ట్రాము గంటల మధ్య పెరిగినవాణ్ణి, తీసుకొచ్చి రాయపూర్ రైల్వే ఆఫీసులో టెలిఫోన్ గుమాస్తాగా పడేశారు. పొద్దున ఎనిమిదికి చేతికెక్కిన ఫోను సాయంత్రం నాలుగు దాకా దిగేది కాదు. ఏ గూడ్సు ఏ స్టేషను దాటింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగి చచ్చింది, ఎప్పుడు వదలాలి, రోజంతా ఇదే గొడవ. అవతల స్టేషను మాస్టరు "హలో, హలో, ఆవాజ్ నహీ ఆ రహీ" అంటూ వినపడటం లేదని మొత్తుకునేవాడు. ఇవతల నేను గోడలు అదిరేలా అరిచేవాణ్ణి (గట్టిగా అరిస్తే మాట తీగలోంచి తొందరగా పోతుందని అప్పట్లో నా నమ్మకం). ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నా ఎడంచెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయేది. "ఆ సెయ్యి దించి పప్పు కలుపుకోరా బాబూ, ఇక్కడ బళ్ళేటీ నేవు" అని పిన్ని కసిరేది. పిన్నీబాబాయిల క్వార్టర్లోనే నా మకాం. బాబాయి రాయగడ వైపు గూడ్సు బండి నడిపే డ్రైవరు.

ఈ ఫోను వదిలించుకోవడానికే గార్డు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పచ్చజెండా, ఈల, బండి చివర నా సొంత పెట్టె, ముఖానికి గాలి. అన్నిటికన్నా ముఖ్యం, చెవిలో ఎవడూ ఉండడు. గడువులోగా చేరాలంటే అది సోమవారం టపాలో వెళ్ళాలి. మా పెద్దాఫీసరు సంతకం లేనిదే బల్ల మీంచి కదలదు. ఆయన్ని మేము చాటుగా సిగ్నలుగారు అనేవాళ్ళం. చెయ్యి పైకెత్తితే ఆగమని, దించితే పొమ్మని, అంతే ఆయన భాష. తెలుగాయనేనని ఆఫీసంతా తెలుసు, కానీ ఎప్పుడైనా నోరు విప్పితే ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాలేది కాదు.

శనివారం నాడు ఆయన నన్ను గదిలోకి పిలిచి, మూలనున్న తోలుసంచీ చూపించాడు. ఇంగ్లండు వెళ్ళిపోతూ పాత దొర వదిలేసిన గోల్ఫ్ కర్రల సంచీ అది. రోజూ మోసే ముసలాయన వరికోతలకని ధర్సీవా దగ్గర సొంతూరికి పోయాడట. మర్నాడు సాయంత్రం వంతెనల ఇంజనీరుతో ఈయనకి ఆట. "రోజంతా నంబర్లతో బతికేవాడివి. ఈ ఇనుపకర్రల మీద కూడా నంబర్లున్నాయి. అవేమిటో తెలుసుకుని సమయానికి సరైన కర్ర అందించు. నేను గెలిస్తే నీ కాగితం సోమవారం టపాలో వెళుతుంది" అని ఇంగ్లీషులో చెప్పి చెయ్యి దించాడు. అంటే పొమ్మని.

సంచీ మోసుకుంటూ ఇంటికొచ్చాను. కర్రల అడుగున మూడు మొదలు తొమ్మిది దాకా అంకెలు చెక్కి ఉన్నాయి. ఏది దేనికో చెప్పే నాథుడు లేడు. బాబాయి బీడీ వెలిగించుకుని వచ్చి, ముట్టుకోకుండానే తేల్చేశాడు.

"ఇందులో ఏటుందిరా? రైలుపట్టా పక్కన ఎక్కుడు బోర్డులు సూడనేదా నువ్వు? వంద అని రాసుంటే వంద అడుగులకి ఒక అడుగు ఎత్తు. బండి నవ్వుకుంటూ ఎక్కుతాది. నలభై అనుంటే నలభైకే ఒక అడుగు. ఇంజను ఏడుస్తాది. అంకె సిన్నదైతే ఎక్కుడు నిటారు, పెద్దదైతే సదును. ఇదీ అంతే. మూడో నంబరంటే బంతి నిటారుగా లెగుస్తాది. తొమ్మిదంటే నేల మీద సాపుగా పోతాది. బస్, ఖతమ్!"

నేనేం మరీ మొద్దుని కాదు. "మరి బాబాయ్, ఈ తొమ్మిదో దాని మొహం ఆకాశంలోకి చూస్తోందేం? మూడోది నిలువుగా ఉందేం?" అని అడిగాను.

"వాడి వాడి వంగిపోనాదిరా. పాత దొర మోటు మనిషి."

"ఆయనకి తెలీనిది ఏటీ నేదు, ఒక్క తెలీదని సెప్పడం తప్ప" అంది వంటింట్లోంచి పిన్ని. ఆ మాట నేను వినిపించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

ఆదివారం నాలుగింటికి రైల్వే బంగళాల వెనక మైదానానికి చేరాం. గోల్ఫ్ మైదానమంటే పచ్చగా తివాచీలా ఉంటుందనుకునేరు. ఎర్ర మొరం నేల, అక్కడక్కడా ముళ్ళు, గడ్డికి బదులు ఇంజను నూనె కలిపి చదును చేసిన ఇసుక మళ్ళు, ఆ మళ్ళ మధ్య గుంటలు. మొత్తం ఆరు. తక్కువ దెబ్బల్లో బంతిని లోపల వేసినవాడిదే ఆ గుంట. నేను సిగ్నలుగారికి ఎక్కుడు బోర్డుల సిద్ధాంతం అంతా సగర్వంగా అప్పజెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. రైల్వే మనిషికి అంతకన్నా న్యాయంగా తోచే సంగతేముంది!

మొదటి గుంటకి బంతి ముప్పై గజాల దూరంలో ఆగింది. ఎత్తుగా లేచి దగ్గర్లోనే పడాలి. మూడో నంబరు అందించాను. ఆయన మెత్తగానే కొట్టాడు పాపం. బంతి నేలకి జానెడెత్తున మెయిలు బండిలా దూసుకుపోయి, గుంట దాటి, మడి దాటి, అల్లంత దూరాన చెట్టుకింద ఖాన్సామా కాస్తున్న టీ కెటిలుకి ఠంగున తగిలింది. రెండో దానికి నూట యాభై గజాలు పోవాలి. తొమ్మిదో నంబరు ఇచ్చాను. బంతి పైకి, ఇంకా పైకి వెళ్ళి, మేం మెడలు వెనక్కి వాల్చి చూస్తూండగా, వచ్చి మా ముందర యాభై గజాలు కూడా లేని చోట పడింది. "క్యా సాబ్, చీల్ మార్‌నా హై క్యా?" అన్నాడు ఇంజనీరు, పైన తిరుగుతున్న గద్దని చూపిస్తూ. రెండు గుంటలూ పోయాయి. సిగ్నలుగారు నా వైపు చూసిన చూపులో నా గార్డు పెట్టె పట్టా తప్పి పడిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొదట బాబాయి మీద, తరవాత పాత దొర మీద, ఆఖరికి అంకెలు కనిపెట్టినవాడి మీద. ఇంజనీరు తన బంతి వెతుక్కుంటూండగా కర్రలన్నీ బయటికి లాగి వరసగా నేల మీద పడుకోబెట్టాను. అప్పుడు కనిపించింది. మూడోది అన్నిటికన్నా పొడుగు, మొహం నిలువు. నాలుగు, అయిదు, ఆరు, అంకె పెరిగేకొద్దీ కర్ర అరంగుళం చొప్పున కురచవుతూ, మొహం కొంచెం కొంచెంగా వెనక్కి వాలుతోంది. తొమ్మిదోది పూర్తిగా వెల్లకిలా. ఎంత మోటు దొరైనా ఇంత వరసగా వంచలేడు! చిన్న అంకె కిందుగా దూరం పోవడానికి, పెద్ద అంకె ఎత్తుగా లేచి దగ్గర పడడానికి. అంతా తలకిందులు! అలాంటప్పుడు తిన్నగా ఆ మాటే కర్ర మీద రాసి చావచ్చుగా?

తప్పు చెప్పానని ఒప్పుకోవడం ఆ వయసులో నా వల్ల అయ్యే పని కాదు. నోరు మూసుకుని సరైనవి అందించడం మొదలుపెట్టాను. దూరానికి నాలుగు, మధ్యకి ఆరు, దగ్గరికి తొమ్మిది. ఆయన అంకె చూడకుండా తీసుకునేవాడు. మూడూ నాలుగూ గెలిచాం, అయిదోది సమం. ఇంజనీరు జోకులు మానేశాడు.

ఇక ఆరోది. ఆయన బంతి సరిగ్గా బూడిదగుట్ట వెనక పడింది. షెడ్డులో ఇంజన్లు దులిపిన బూడిదంతా పోసి పోసి రెండు నిలువుల ఎత్తు పెరిగిన గుట్ట అది. గుంట దాని అవతల ఇరవై అడుగుల్లో ఉంది. ఇంజనీరు అప్పటికే అదే బూడిదలో నాలుగు దెబ్బలు వేసి, బొగ్గులు దించే కూలీలా తయారై, ఎట్టకేలకు బయటపడ్డాడు. ఈ ఒక్క దెబ్బా తిన్నగా పడితే ఆట మాదే. నేను తొమ్మిదోది తీశాను. సిగ్నలుగారు ఈసారి అంకె చూసి, చెయ్యి పైకెత్తి, "త్రీ" అన్నాడు.

"నైన్, సార్."

"త్రీ. నిటారు ఎక్కుడు. నువ్వే చెప్పావు." ఇదీ ఇంగ్లీషులోనే.

"ఇవ్వను సార్."

మూడో నంబరుని వీపు వెనక్కి పెట్టి రెండు చేతులా పట్టుకున్నాను. ఫోనులో అరిచే గొంతు తన్నుకొచ్చేసింది. "మొదటి గుంటలో చూడలేదా సార్? దీంతో కొడితే బంతి బూడిదలో దిగబడుతుంది, దాంతోపాటు నా బతుకూనూ! నేను చెప్పింది తప్పు. తప్పు, తప్పు! చాలా? ఇది పట్టుకోండి!"

సిగ్నలుగారి ముఖం ఎర్రలైటయింది. అప్పుడు, అన్నాళ్ళ ఉద్యోగంలో మొట్టమొదటిసారి, ఆయన నోట తెలుగు తెగిన చెరువులా వచ్చిపడింది.

"ఏవిటయ్యా నీ పెత్తనం! ముందు మూడంటావు, ఇప్పుడు తొమ్మిదంటావు! ఈ దిక్కుమాలిన అంకెల సంగతి నాకే తెలిసేడిస్తే నిన్నెందుకయ్యా తగిలించుకుంటానూ?"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ముసలాయన ఏది చేతిలో పెడితే అది కొట్టడం తప్ప ఆయనకి నాకన్నా ఒక్క ముక్క ఎక్కువ తెలియదన్నమాట! ఆయన తొమ్మిదోది నా చేతిలోంచి లాక్కుని కోపం కొద్దీ ఒక్కటిచ్చాడు. బంతి గుట్ట మీదుగా సాయంత్రపు ఎండలోకి లేచి, అవతలికి దిగింది. మేం పరిగెత్తుకెళ్ళి చూస్తే గుంటకి మూరెడు దూరంలో ఉంది. ఇంకొక్క తోపుతో లోపల పడింది. గెలిచాం.

సోమవారం నా కాగితం టపాలో వెళ్ళింది. వెళ్ళేముందు, ఆయన ఎర్రసిరాతో దానిమీద రాసింది చూశాను. "మనిషి మంచివాడు, ఈ ఆఫీసు నుంచి వదలడానికి వీల్లేదు" అని. గదిలోకి దూసుకెళ్ళాను. ఏమడిగానో నాకే గుర్తులేదు, అరిచానని మాత్రం పక్కగది వాళ్ళు తరవాత చెప్పారు. ఆయన చెయ్యి ఎత్తలేదు, దించలేదు. తెలుగులోనే, మెల్లిగా అన్నాడు.

"అడిగింది అడిగినట్టు అందించేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారయ్యా. బండి వదలమని ఎవడు ఎంత ఒత్తిడి పెట్టినా, వదలకూడనప్పుడు వదలనని చెప్పేవాడు ఫోను దగ్గర ఒకడైనా ఉండాలి. తప్పయితే తప్పని కూడా అరిచావు నిన్న. వెళ్ళు, పని చూసుకో."

ఆయన్ని నెలల తరబడి తిట్టుకున్నాను. ముప్పై ఏళ్ళ పైచిలుకు అదే ఫోను పట్టుకుని, కనిపించిన ప్రతివాడికీ, పెళ్ళయ్యాక మా ఆవిడకీ, తరవాత పిల్లలకీ, గాలి తింటూ తిరగాల్సిన గార్డుని ఆ మహానుభావుడు ఎలా ఆపేశాడో చెబుతూ వచ్చాను. వాళ్ళందరికీ చెప్పని ముక్క ఒకటుంది. మరుసటి ఏడు మళ్ళీ గార్డు దరఖాస్తులు పిలిచారు. సిగ్నలుగారే నన్ను పిలిచి, ఖాళీ ఫారం నా ముందు పెట్టి, ఈసారి అడ్డురానన్నాడు. ఇంటికి తీసుకెళ్ళి రాసుకొస్తానన్నాను. అప్పుడే ఫోను మోగింది, నేను వెళ్ళిపోయాను. ఆ ఫారం ఆయన బల్ల మీదే ఉండిపోయింది. ఎందుకు తీసుకోలేదని మీరు మాత్రం అడక్కండి, నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.